హద్దుల కింద లేని వాక్యం

నూకయ్య ఫోన్ చేసేసరికి రోజారమణి టిఫిన్ గిన్నెలు కడుగుతోంది. గొలుగొండ రోడ్డులో ఆమె కొనుక్కున్న ఎకరన్నర కౌలుకు చేస్తున్నది అతనే. చెరుకు ముచ్చెలు నాటి ఇరవై రోజులు కాలేదు. ఎండలు చూస్తే మండిపోతున్నాయి.

"మోటారు గదికి కొత్త తాళం ఏసీసినారమ్మా. ఇయాల మన వంతు కదా బాబూ అంటే, ఆ బూవికి నీళ్ళు లేవు, మీ అమ్మగారిని కాగితం సూసుకోమను అన్నాడు మీ అన్నియ్య."

నూకయ్య ఏదో ఒకటి విని ఇంకొకటి చెబుతున్నాడనుకుంది. అన్నయ్య గణేశ్వరరావుకి మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ మోగి ఊరుకుంది.

ఆ భూమి వాళ్ళ నాన్నది. నాన్న పోయాక, అంతా ఒకరి పేరున ఉంటే లోను సులువుగా వస్తుందని అన్నయ్య అడిగితే, తన వాటా వదులుకుంటూ సంతకం పెట్టింది. పదేళ్ళు పోయాక అతనే ఇంటికొచ్చి, కింద చేను అమ్మేస్తున్నాను, పరాయివాళ్ళకి పోవడం ఇష్టం లేదు, నువ్వే తీసుకో అన్నాడు. తనకు రావలసిన నేలనే బజారు ధరకు కొనుక్కుంది.

రిజిస్ట్రేషన్ రోజున దస్తావేజు పేజీ పేజీ చదివింది. తూర్పు హద్దు తప్పు పడిందని దిద్దించింది. తండ్రి ఇంటిపేరులో ఒక అక్షరం పోతే మళ్ళీ టైపు చేయించింది. దస్తావేజులు రాసే జోగులు గారు, ఇలాంటి పార్టీలు నెలకి నలుగురొస్తే నేను కొట్టు కట్టేసుకోవాలి అని నవ్వాడు. మా చెల్లి డిగ్రీ చదివింది మరి అని అన్నయ్య గొప్పగా చెప్పుకున్నాడు.

నీళ్ళ సంగతి మాత్రం ఆమెకు తట్టనే లేదు. నాన్న తవ్వించిన బావి అన్నయ్య ఉంచుకున్న పై చేలో ఉంది. సోమ, గురువారాలు కింద చేనుకు, మిగతా రోజులు పై చేనుకు. ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచి వంతులు అలాగే నడిచాయి. ఆ నీళ్ళకు కాగితం అడగడమంటే, అన్నయ్య ఇంట్లో భోంచేసి రసీదు అడగడమే.

చేతులు తుడుచుకుని, ఆటో ఎక్కి జోగులు గారి కొట్టుకు వెళ్ళింది. ఆయన వేరేవాళ్ళ దస్తావేజులు రెండు తీసి చూపించాడు. రెండింట్లోనూ హద్దుల కింద ఒక వాక్యం ఉంది: బావిలోను, మోటారులోను, నీటిదారిలోను సగం హక్కుతో సహా. ఆమె దస్తావేజులో హద్దుల తర్వాత నేరుగా సాక్షుల సంతకాలే.

"డ్రాఫ్టులో నేను రాసేనమ్మా. మీ అన్నయ్యగారు కొట్టించేసినారు. మీకు తెలిసే అనుకున్నాను."

ఎందుకని అడిగింది. ఆయన గొంతు తగ్గించాడు. పై చేను, దాంతోపాటు ఆమె చేనుకు అవతల ఉన్న అన్నయ్య జీడిమామిడి తోటా ఇళ్ళ స్థలాల లేఅవుటు వాళ్ళు బేరం చేశారట. పొత్తు లేని బావి ఉంటేనే ఆ ధర అన్నారట. ఆమె కొనడానికి ముందే అయిన బేరం అది.

అక్కడే బల్ల మీద కూర్చుని తన దస్తావేజు మళ్ళీ చదివింది. నీళ్ళు అన్న మాట ఎక్కడా లేదు. అప్పుడు తట్టింది. బావి నుంచి జీడితోటకు వెళ్ళే పైపు ఆమె చేను కిందుగానే పోతుంది. దాని గురించీ రాయలేదు. అన్నయ్య నీళ్ళ మాటంతా తుడిచేయిస్తూ తన దారి కూడా తుడిచేసుకున్నాడు.

పైపుకి ఆమె ఒప్పుకున్నట్టు సంతకం కావాలని లేఅవుటు వాళ్ళ లాయరు పట్టుబట్టాడు. మూడో రోజున గణేశ్వరరావు స్వీట్ల ప్యాకెట్టుతో వచ్చాడు. మీ వదిన అడిగింది అన్నాడు, పిల్లల చదువులడిగాడు, చివరికి కాగితం తీశాడు.

"ఆ వాక్యం కొట్టించినప్పుడు నేనెక్కడున్నాను అన్నయ్యా?"

అతను ప్యాకెట్టు దారం వేలికి చుట్టుకున్నాడు. "నేను పొద్దున్నుంచి ఏటీ తినలేదని ఇడ్లీలు తేవడానికెళ్ళేవు."

"తిరిగొచ్చాక అంతా చదివాను కదా."

"ఉన్నదంతా సదువుతావే. లేనిదాని కోసం నా దగ్గర ఎతకవని తెలుసు."

కోపంతో అన్న మాట కాదది. కూరలో ఉప్పు సరిపోయిందన్నంత మామూలుగా అన్నాడు. తను నమ్మడం కూడా అతని లెక్కలో ఒక సౌకర్యమేనని రోజారమణికి అప్పుడు అర్థమయింది.

సవరణ దస్తావేజు రాయించమంది. ముందు బావిలో తన సగం, తర్వాతే పైపు. పొత్తు బావి అంటే వాళ్ళు ధర కోసేస్తారే అని బతిమాలాడు, అమ్మ పేరెత్తాడు, ఆఖరికి ఒప్పుకున్నాడు.

గురువారం జోగులు గారి కొట్టులో ఆమె కొత్త కాగితం రెండుసార్లు చదివింది. అక్షరం తప్పు లేదు. అన్నయ్య అలవాటుగా పెన్ను ఆమెవైపు జరిపాడు.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అతన్ని నువ్వు అనే పిలిచింది. "మీరు ముందు పెట్టండి," అంది.