వదిన ముఖం

పొద్దున్నే గోడకు వేలాడుతున్న చెక్క ముఖం, "మీ అన్న ఏడీ, మరిదీ?" అని అడుగుతుంది.

పక్క ఊరికి వెళ్లాడని అబద్ధమాడతాడు ముహోంగో. వదినతో మాట్లాడేటప్పుడు తల దించుకోవడం మాత్రం మరచిపోడు.

కాంగోలో నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ఆడ ముఖాన్ని మగవాడే తొడుక్కుని ఆడతాడు. చెక్కినవాడికి ఇత్తడి కడియం ఓలిగా ఇచ్చి, పెళ్లి చేసుకున్నట్టే తెచ్చుకుంటాడు. అతను పోతే ముఖాన్నీ అతనితోనే చిత్తడి నేలలో పాతాలి. అన్న సకలెంగ పోయినప్పుడు ముహోంగో అతని పక్కన పాతింది ఒట్టి గుడ్డల మూట. ఆ ముఖం మీద అతనికి ఎప్పటినుంచో కన్ను. మహా తెలివైన పని చేశాననుకున్నాడు, పాపం.

ఇవాళ కుర్రవాళ్లు అడవిలో దీక్ష ముగించుకుని ఊళ్లోకి వస్తున్నారు. ముఖం ఆడాలి.

ముహోంగో దాన్ని తొడుక్కుంటాడు. లోపల ఒక గది ఉంది. ఇద్దరికి సరిపడా చాప, అన్న పొగాకు వాసన. అన్నావదినల గదిలో జొరబడినందుకు తల కొట్టేసినట్టవుతుంది. అయినా బయటికి రాడు.

డోళ్లు మోగుతాయి. అతని కాళ్లు అన్నలాగే ఎడమ పాదం ఈడుస్తూ ఆడతాయి. లోపల ఎవరున్నదీ తెలిసినా ఆడవాళ్లు తెలియనట్టే ఉండాలి. వాళ్లమ్మ ఆ కట్టుబాటు దాటి ముందుకొస్తుంది.

"పెద్దోడా, వచ్చేశావా?"

చిన్నవాణ్ణని చెబితే అన్నను మళ్లీ పాతినట్టే. చెప్పకపోతే అమ్మను మోసగించినట్టు. అమ్మకు బదులు చెప్పకుండా అతను ముఖం లోపలే గొణుగుతాడు.

"ఆయన చిత్తడిలో ఉన్నాడు వదినా. నిన్ను పంపకుండా నేనే దాచాను."

"అయితే ఇప్పుడు పంపు. ఒంటరిగా ఎలా వెళ్లను? తోడు కావాలి."

ఆ మాటా సబబే. అతను చెక్క ముఖాన్ని తీస్తాడు. దానితోపాటు అతని ముఖమూ ఊడివస్తుంది. రెండూ పక్కపక్కనే నడిచి వెళ్లి బురదలో దిగుతాయి.

అమ్మ కర్రపెండలం ముద్ద తెస్తుంది. ఏ కొడుకని అడగదు. ముఖం ఊడిన చోట నున్నటి చర్మాన్ని వేళ్లతో తడుముతూ నోటి కోసం వెతుకుతుంది. చిత్తడి అడుగు నుంచి మాత్రం ముహోంగో నోరు నములుతున్న చప్పుడు వస్తూనే ఉంది.