రెండు పేర్ల రైతులు

“భూమి జంగయ్య పేరు మీదున్నది. నీ మొగని రేషన్ కార్డుల దేవదాసు అనున్నది. ఇద్దరు ఒక్కరేనంటే కంప్యూటర్ ఒప్పుకుంటలేదు,” అన్నాడు ఆపరేటర్ సతీష్, తలెత్తకుండానే.

మణెమ్మ ఈ మాట వినడం ఇది మూడోసారి. భూమి లెక్క చూపే పహాణీ కాగితం కోసం గద్వాల చుట్టూ తిరిగే బాధ తప్పుతుందని చెప్పి, రెండువేల ఏడులో సర్కారు ఊళ్లోకి కంప్యూటర్ తెచ్చింది. తెచ్చి ఎక్కడ పెట్టింది? పటేలు ఇంటి అరుగు మీద!

“బాప్తిస్మం తీసుకున్నంక దేవదాసయిండు సారూ. మా వాడంత రెండు పేర్లోళ్లమే. ఊరందరికి ఎరుకే గద!”

“ఊరికి ఎరుకైతే ఏం లాభం? మిషన్‌కు తెల్వాలె.”

పక్కనే కుర్చీలో పటేలు తీరిగ్గా పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు. ఆ తీరిక చూశాకే మణెమ్మకు అనుమానం పుట్టింది. వారం తిరక్కుండానే అది నిజమైంది. హక్కుదారులు కనబడని భూములంటూ వాడవాళ్ల పొలాలన్నీ పటేలు సాగులో ఉన్నట్టు కంప్యూటర్‌కెక్కాయి.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక ఎవరూ ఇళ్లకు పోలేదు.

“మిషన్ అబద్ధమాడుతదా బిడ్డా?” అన్నాడు ముసలి శంకరయ్య భయంగా.

“అది ఆడదు తాతా, ఆడిపిస్తరు. జంగయ్యను గుర్తువట్టనిది పటేలునెట్ల గుర్తువట్టింది?” అని అడిగింది మణెమ్మ.

“అర్జీ పెడదాం అత్తా,” అంది డిగ్రీ చదువుతున్న ప్రేమలత.

“పెడదాం. ముందుగాల నాగలి పెడదాం,” అంది మణెమ్మ.

తొలకరి పడగానే ముప్పై గడపలూ కలిసి దేవదాసు రెండెకరాల్లో దిగాయి. మధ్యాహ్నానికి పోలీసు జీపు వచ్చింది. ఎస్సై పక్కన పటేలు కూర్చుని ఉన్నాడు.

“పేరేందిరా?” అన్నాడు కానిస్టేబులు.

“దేవదాసు.”

“వీనికి ఇంకో పేరున్నది సార్,” పటేలు ఎగబడి చెప్పాడు. “జంగయ్య! రెండూ రాయుండ్రి, లేకుంటె రేపు తప్పించుకుంటడు.”

కానిస్టేబులు రాస్తూ పైకే చదివాడు: “దేవదాసు అలియాస్ జంగయ్య.”

మణెమ్మకు ఒళ్లు మండిపోయింది. “ఇన్నరా! జైల్ల ఏసేతందుకు ఇద్దరూ ఒక్కడేనంట. భూమి కాడికొస్తెనే ఇద్దరయితరా?”

పటేలు నాలుక కరుచుకున్నాడు. అప్పటికే ఆ మాట పొలమంతా వినబడింది.

దేవదాసును జీపెక్కించారు. మణెమ్మ జీపుకు అడ్డంగా నిలబడింది.

“నా పేరు గూడ రాయుండ్రి. మణెమ్మ అలియాస్ మార్తమ్మ.”

“శంకరయ్య అలియాస్ యోహాను,” అంటూ వచ్చాడు ముసలాయన. జీపు ముందు ఆమె పక్కనే నిలబడ్డాడు.

ఒకరి వెనుక ఒకరు వచ్చారు. కానిస్టేబులు కాగితం రెండు వైపులా నిండిపోయింది. వరుసలో ఇంకా సగం వాడ నిలబడే ఉంది.