సామి తోసిన గోడ

ఆదోని కర్నూలు జిల్లాలో కలిసిన మరుసటి ఎండాకాలం, అక్కడి లక్ష్మప్ప సావుకారి దగ్గర నుంచి ఎమ్మిగనూరులో ఉన్న నాకు కబురు వచ్చింది. పదహారేళ్ల కింద వాళ్లింట్లో నేను కట్టిన నేలమాళిగ గోడ బీటలిచ్చిందట. వెంటనే రావాలట.

పోయేసరికి మాళిగలో పౌలు నిలబడి ఉన్నాడు. నా దగ్గరే తాపీ పట్టడం నేర్చుకున్నవాడు. నా పెండ్లాం పోయిన దినం పక్క వీధిలోనే పని చేస్తూ తొంగి కూడా చూడనివాడు. ఆరేళ్లయింది. నేను మరిచిపోలేదు.

"సున్నం సరిగా నానలేదు సావుకారీ," అంటున్నాడు, బీటలో వేలు పెట్టి. "పడగొట్టి సిమెంటుతో కడతా."

"సున్నం నానింది. నీ బుర్రే నానలేదు," అన్నాను.

లక్ష్మప్ప ఇద్దరినీ చూసినాడు. "అయ్యన్నా, తప్పు నీ గోడదైతే పౌలు పడగొడతాడు. బజారంతా సెప్తా. కాదంటావా, శుక్రవారం లోపల చూపించు."

బజారుకెక్కిన బేల్దారికి ఆదోనిలో ఎవరూ మళ్లీ పని చెప్పరు.

గోడ నిలువు చూడను గుండుదారం వేలాడదీసినాను. గోడ నడుము దగ్గర రెండు వేళ్లు లోపలికి ఉబ్బింది. సుత్తి పిడితో తట్టినాను. రాళ్లు గట్టిగానే పలికినాయి. అంటే వెనక మట్టి తోస్తోంది. నల్లరేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది. కానీ వాన పడి ఆరు నెలలయింది. నీళ్లు ఎక్కడివి?

బీటకు అడ్డంగా మూడు చోట్ల గంజితో కాగితం అంటించినాను. గోడ కదిలితే కాగితం చినుగుతుంది. మరుసటి పొద్దున చూస్తే మూడూ చినగలేదు. ఎవరో ఒలిచి, మడిచి, మూలన పెట్టినారు. బీట దగ్గర ముక్కు పెడితే పులిసిన పాల వాసన.

ఆ మధ్యాహ్నం మాళిగలోనే జొన్న మూటల వెనక దాక్కుని కూర్చున్నాను. లక్ష్మప్ప తల్లి హులిగెమ్మ గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగింది. చెంబెడు పాలు బీటలో పోసింది. వెనకనే పనిమనిషి ముత్తమ్మ రెండు కడవల నీళ్లు తెచ్చింది. అవీ పోసినారు. మట్టి గుటగుటా తాగింది.

"అవ్వా, ఏం చేస్తాండావు?"

ఆమె బెదరలేదు. "లోపల నాగసామి ఉండాడప్పా. పుట్ట దాకా నడిసే మోకాళ్లు నాకు లేవు. ఆయనే ఇంటికొచ్చినాడు."

"పాలు సరే. నీళ్లెందుకు?"

"ఎండాకాలం గదా. సామికి సెగ కొట్టదా?"

"ఎప్పటి నుంచి?"

"ఉగాది నుంచి. అప్పుడు రాళ్ల సందున చిన్న బొక్కే ఉండె. ఆ కాగితాలు నువ్వేనా అంటించింది, సామి మొగం మీద? కండ్లు పోతాయి నీకు."

సామి నాకు కనపడలేదు. ఎలుక పెంటికలు కనపడినాయి.

సంగతి చెబితే లక్ష్మప్ప మొదట లేచి తలుపు మూసినాడు. "అమ్మ పేరు బయటికి రాకూడదు. సున్నం పచ్చిదని ఒప్పుకో అయ్యన్నా."

"ఒప్పుకోను."

"పెద్దామె కదప్పా."

"గోడ నాది."

శుక్రవారం పౌలు గడ్డపారతో వచ్చినాడు. వాకిట్లో పదిమంది పోగైనారు. లోపలి నుంచి హులిగెమ్మ గడప దాకా వచ్చింది.

"యాడికిరా గడ్డపార? గోడ మంచిదే. సామి లోపల మసిలి తోసినాడు. ఆయన తోస్తే నీ సిమెంటు నిలుస్తాదా?"

పౌలు చర్చికి పోయే మనిషి. "సామి సంగతి నాకేం తెలుస్తాదవ్వా," అని గడ్డపార దించినాడు.

పని నాకే మిగిలింది. బీటను ఉలితో వెడల్పు చేసి, కడిగి, రాతి చిప్పలు దిగగొట్టి, బెల్లం నీళ్లు కలిపిన గానుగ సున్నం కూరినాను. ముసలామె చేతికందే ఎత్తున చిన్న గూడు వదిలి, అందులో మట్టి గొట్టం పెట్టినాను. పోసింది మట్టిలోకి పోకుండా కింద తొట్టిలోకి వస్తుంది. అది సామి ప్రసాదమని బర్రెకు తాగిస్తున్నారు. గోడ మళ్లీ కదలలేదు.

నెల తిరగక ముందే నా ఇంటికి మనుషులు వచ్చినారు. ఆదోని నుంచి ముగ్గురు, పెద్దకడుబూరు నుంచి ఒకడు. అయ్యన్న కట్టిన గోడలోకి సామి వస్తాడంట.

"మాక్కూడా బీటున్న గోడ కట్టన్నా."

"నేను బీటలు పెట్టను."

"అట్లయితే పౌలును అడుగుతాం."

"అడగండి," అన్నాను. "వాని గోడలకు ఎవరూ అడక్కుండానే బీటలొస్తాయి."