పై వాటా కాయితాలు

పొద్దున్నే లేచి మొహమైనా కడుక్కోకుండా కత్తెర పిన్ని చేసే మొదటి పని, కంప్యూటర్ వెలుగుతోందా లేదా అని చూడడం. వెలుగుతూనే ఉంటుంది. ఏళ్ళుగా అది ఆగిందే లేదు. అయినా చూస్తుంది. ఆ తర్వాతే స్టవ్ మీద నీళ్ళు పెట్టుకుంటుంది, కిటికీ తెరుస్తుంది, ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెడుతుంది.

ఆవిడ బట్టలు కుట్టదు. కుట్టేవాళ్ళకి కటింగ్ కాయితాలు తయారుచేసి అమ్ముతుంది. పిల్లల గౌనుకి మెడ ఎక్కడ తిప్పాలి, చంక ఎంత లోతు తియ్యాలి, చేతికి కుచ్చు ఎంత వదలాలి, అన్నీ కంప్యూటర్లో గీసి, ముక్కలు ముక్కలుగా ప్రింటు తీసి, కవర్లో పెట్టి పంపుతుంది. టైలర్లు ఆ ముక్కల్ని అతికించి, గుడ్డ మీద పరిచి కత్తిరించుకుంటారు. ఆ గీతలు గీసే ప్రోగ్రాం పాతది. పాత కంప్యూటర్లో, పాత వెర్షన్ మీద అయితేనే నడుస్తుంది. కొత్త వెర్షన్ పేరెత్తితే మొరాయిస్తుంది. అందుకని ఆ కంప్యూటరూ ఆవిడా ఒకరినొకరు భరించుకుంటూ కలిసి ముసలివాళ్ళవుతున్నారు.

కాయితాన్ని ఏ గది నుంచి పంపితే ఆ గది గాలి దానికి అంటుకుని వస్తుందన్నది అందరికీ తెలిసిందే. కరెంటు ఆఫీసు బిల్లు చేతిలోకి తీసుకుంటే మూసిన కిటికీల వాసన వేస్తుంది. బేకరీ ధరల పట్టీ పట్టుకుంటే ఆకలేస్తుంది. బడిలో ప్రశ్నపత్రాలు పిల్లల దాకా రాకముందే చెమట పట్టి ఉంటాయి. కత్తెర పిన్ని కాయితాలు మాత్రం వెచ్చగా, ఇస్త్రీ చేసిన గుడ్డ వాసనతో ఉంటాయి. "మీ కాయితం గుడ్డ మీద పెడితే కదలదండీ, బుద్ధిగా కూర్చుంటుంది" అంటారు టైలర్లు. నాలుగు రోజులు పోతే ఏ కాయితమైనా తానున్న గది గాలే పట్టేస్తుందనుకోండి, అది వేరే సంగతి.

పై వాటాలోకి ఒకాయన అద్దెకి దిగిన కొత్తలో ప్రింటర్ సంగతి వచ్చింది. ఆయనకి లేదు, ఈవిడకి ఉంది. ఆయన మిషన్ల వాడకం పుస్తకాలు రాస్తాడు. నీళ్ళ మోటారు ఎలా బిగించాలి, బట్టలుతికే మిషన్ మూత ఎప్పుడు తియ్యకూడదు, అలాంటివి. తెర మీద చదివితే తప్పులు కనబడవట, కాయితం మీదే దిద్దుకోవాలట. సరే పాపం అని ఈవిడ ఒప్పుకుంది. రెండు కంప్యూటర్లకీ ఒకే ప్రింటర్ కలిపిపెట్టడానికి రీస్టార్ట్ బాబాయి వచ్చాడు. ఏ జబ్బుకైనా ముందు ఆపి మళ్ళీ ఆన్ చెయ్యమంటాడు కాబట్టి వీధంతా అతన్ని అలాగే పిలుస్తుంది.

పని ముగించి వెళ్తూ వెళ్తూ అతనో మాట అన్నాడు. "అక్కా, ప్రింటర్ నీ మెషీన్‌కి తగిలించి ఉంది కదా. నీది ఆన్‌లో ఉంటేనే పైన ఆయనకి ప్రింట్ వస్తుంది. నువ్వు ఆపేశావంటే ఆయన పని ఆగినట్టే."

ఏదో మామూలుగా అన్నాడు. పిన్ని దాన్ని డాక్టరు చెప్పిన మాటలా పట్టుకుంది. ఆ రోజు నుంచి మెషీన్ ఆపలేదు. మెషీన్ వదిలి ఒక్క రాత్రి కూడా ఇంకో చోట పడుకోలేదు.

ఆదివారం ఆదివారం చెల్లెలు ఫోన్ చేసేది. "ఒక్కదానివీ అక్కడేం చేస్తావక్కా? మా వెనక గది ఖాళీగా ఉంది. వచ్చెయ్."

"ఎలా వస్తానే? మెషీన్ ఆపితే పైన ఆయనకి ప్రింట్ రాదు."

"ఆయన నీకేమవుతాడు?"

"ఏమవుతాడు? పైన ఉంటాడు."

చెల్లెలు విసుక్కుని పెట్టేసేది. పిన్నికి ఆ వెనక గది తెలుసు. గదికేం, బాగానే ఉంటుంది. చెల్లెలూ మంచిదే. కానీ ఆ ఇంట్లో ప్రతి పనికీ ఒక మనిషి ఉన్నాడు. అక్కడ తను లేచినా లేవకపోయినా ఆగిపోయేది ఏదీ లేదు. ఆ సంగతి తలుచుకుంటే ఆవిడకి గుండెల్లో దిగులు పుట్టేది.

పైన ఆయన పేజీలు చల్లగా వచ్చేవి. మొదటిసారి పట్టుకున్నప్పుడు ప్రింటర్ పాడైందేమో అనుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. వంట వాసన లేదు, సబ్బు వాసన లేదు, అసలు మనిషి మసిలే వాసనే లేదు. ఓ మనిషి చేతికి ఇంత చల్లటి కాయితం ఎలా ఇస్తాం అనిపించింది. పాత చీర ముక్క కప్పి, ఒక్కో పేజీ మీదా ఇస్త్రీ పెట్టె తేలిగ్గా పోనిచ్చింది. కాసేపు బల్ల మీదే ఉంచి, తర్వాత తీసుకెళ్ళి మెట్ల కింద స్టూలు మీద పెట్టి, ఎగిరిపోకుండా పైన ఇనప బిళ్ళ పెట్టింది. అదే అలవాటైపోయింది. ఈ ఇస్త్రీ సంగతి ఆయనకి చెప్పలేదు. చెప్పడానికేముంది?

ఆయన దిగి వచ్చిన చప్పుడు వినబడేది. మూసిన తలుపు అవతల నుంచి "థాంక్సండీ" అనేవాడు. ఇవతల నుంచి ఈవిడ "పర్లేదండీ" అనేది. వాళ్ళ పరిచయం అంతే. కొన్ని రోజుల్లో పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా పిన్ని నోటి నుంచి వచ్చిన మాట ఆ ఒక్కటే ఉండేది. అందుకని గొంతు సవరించుకుని మరీ అనేది.

ఒక్క విషయం మాత్రం ఆవిడకి అర్థమయ్యేది కాదు. మొన్న పంపిన పేజీనే ఆయన మళ్ళీ పంపేవాడు. ఎల్లుండి మళ్ళీ అదే. ఒక్క అక్షరం మారదు. పాపం మతిమరుపు మనిషి అనుకుని, దానికీ ఇస్త్రీ చేసేది.

ఇలా ఉండగా ఆయన కంపెనీవాళ్ళు ఆయనకి కొత్త కంప్యూటర్ పంపించారు. అందులో వెర్షన్ కూడా సరికొత్తది. ఆ రోజు పేజీలు రాలేదు. మర్నాడూ రాలేదు. పిన్ని ప్రింటర్ మూత తీసి చూసింది, మళ్ళీ మూసింది, వైర్లు కదిపింది. మూడో రోజు రీస్టార్ట్ బాబాయి ఊడిపడ్డాడు.

రెండు మెషీన్లూ ఆపి, ఆన్ చేశాడు. పైకెక్కాడు, దిగాడు, మళ్ళీ ఎక్కాడు. ప్రింటర్ డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశాడు. పాస్‌వర్డ్ పెట్టాడు, తీశాడు. ఎన్ని చేసినా పైన తెర మీద "అనుమతి లేదు" అనే వస్తోంది. చివరికి పిన్ని గదిలో నేల మీద చతికిలబడి మంచినీళ్ళడిగాడు.

"ఏమైంది బాబూ?"

"ఆ కొత్త వెర్షన్ నీ పాతదాన్ని నమ్మట్లేదక్కా. నీది పలకరిస్తోంది, అది ముఖం తిప్పుకుంటోంది. నీకూ కొత్త వెర్షన్ వేస్తే ఇట్టే కలుస్తాయి."

"వేస్తే నా కటింగ్ ప్రోగ్రాం?"

"పోతుంది."

పిన్ని గ్లాసు అందుకుంటూ, "అది పోతే నేనేం తినాలి?" అంది.

"అదే ఆయనకీ చెప్పాను. ఆవిడ మెషీన్ జోలికి వెళ్ళొద్దన్నారు. ఈ మధ్య ప్రింటర్లు చవకే, తనే ఒకటి కొనుక్కుంటానన్నారు. నీకూ ఇక ఈ చాకిరీ తప్పుతుందిలే."

రెండ్రోజులకి అట్టపెట్టె ఒకటి మెట్లెక్కి పైకి వెళ్ళడం పిన్ని కిటికీలోంచి చూసింది. ఆ సాయంత్రం పై నుంచి కొత్త ప్రింటర్ చప్పుడు సన్నగా వినబడింది. మంచి ప్రింటరే. ఎక్కడా ఆగలేదు.

అయినా ఆవిడ మెషీన్ ఆపలేదు. ఏమో, ఒకవేళ చెడిపోతే? మెట్ల కింద స్టూలు మీద ఇనప బిళ్ళ ఒక్కటే ఉంది. అటు వెళ్ళినప్పుడల్లా దాని మీద దుమ్ము తుడిచేది. ఇంట్లో ఎవరో ఊరెళ్ళినట్టు, తనకి మాత్రం చెప్పకుండా వెళ్ళినట్టు ఉండేది. మాట్లాడే అవసరం లేక గొంతు బొంగురుపోయింది.

ఆదివారం చెల్లెలు ఫోన్లో అంతా విని, "మరింకేం అడ్డం?" అంది.

పిన్ని వెలుగుతున్న మెషీన్ వంక చూసింది. "వస్తాన్లే" అంది.

చెల్లెలు అసలే హడావుడి మనిషి. అక్క మనసు మార్చుకునేలోపు చిన్న వ్యాన్ ఒకటి మాట్లాడుకుని తనే దిగింది. గిన్నెలు మూటకట్టింది, దుప్పట్లు చుట్టింది, ఇస్త్రీ పెట్టెకి దాని వైరే చుట్టి అట్టపెట్టెలో అడుగున పెట్టేసింది. కంప్యూటర్ మాత్రం అక్కే ఆపాలంది. పిన్ని ఆపింది. లోపల ఫ్యాను మెల్లగా తిరిగి తిరిగి ఆగిపోయింది. ఇన్నేళ్ళూ గదిలో అంత చప్పుడు ఉండేదని అది ఆగాకే తెలిసింది. పిన్నికి ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. చెల్లెలు చూడకుండా కిటికీ వైపు తిరిగి తాళం చెవులు వెతుకుతున్నట్టు నటించింది.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. స్టూలు దగ్గర ఆగలేదు. తలుపు దాకా వచ్చింది.

పైన ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. ఇంత దగ్గర నుంచి ఆవిడ ఆయన్ని చూడడం అదే మొదలు. జుట్టు చెదిరి ఉంది. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. చేతిలో ఒకే ఒక్క కాయితం ఉంది. దాని అంచుని రుమాలుతో పట్టుకున్నాడు.

"ఏమీ అనుకోకండి. ఈ కాయితం కాసేపు మీ గదిలో పెట్టుకోవచ్చా అండీ?"

చెల్లెలు ముందుకొచ్చి కాయితం ముట్టుకుని, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. "అమ్మో, ఫ్రిజ్‌లోంచి తీసినట్టుంది!"

"ప్రింటర్ పాడైందనుకున్నానండీ" అన్నాడాయన. "రీస్టార్ట్ బాబాయి వచ్చి చూశాడు. ప్రింటర్ బాగానే ఉంది సార్, మీ గదే ఇంత అన్నాడు. నేను నమ్మలేదు. ఇన్నేళ్ళూ మీ దగ్గర నుంచి వచ్చిన కాయితాలు వెచ్చగా ఉండేవి కదా. అవి చూసుకుని, నా గది అంత చల్లగా ఏమీ లేదు, ఒక్కణ్ణే ఉన్నా బాగానే బతుకుతున్నాను అనుకునేవాణ్ణి. రెండ్రోజులకి చల్లబడేవి. అప్పుడు మళ్ళీ అదే పేజీ ప్రింట్ కొట్టేవాణ్ణి."

పిన్నికి ఆ మళ్ళీ మళ్ళీ వచ్చిన పేజీలన్నీ గుర్తొచ్చాయి. మతిమరుపు మనిషి అనుకున్నందుకు సిగ్గేసింది.

"నేను ఇస్త్రీ చేసేదాన్నండీ" అంది. "అంత చల్లగా మీ చేతికివ్వడం ఇష్టం లేక."

ఆయన అప్పుడు గది చుట్టూ చూశాడు. మూటలు, చుట్టిన దుప్పట్లు, సగం ఖాళీ అయిన బల్ల. "ప్రయాణమా?"

"ఇల్లు ఖాళీ చేస్తోందండీ, మా ఇంటికి వచ్చేస్తోంది" అంది చెల్లెలు.

"ఓహో. మంచిది" అన్నాడాయన. అన్నాడే గాని కదల్లేదు. కాయితం అలా పట్టుకునే ఉన్నాడు. రుమాలు దాటి చలి పాకినట్టుంది, వేళ్ళ చివర్లు తెల్లబడ్డాయి.

పిన్ని ఆ వేళ్ళ వంక చూసింది. కిందికి వంగి అట్టపెట్టె విప్పడం మొదలుపెట్టింది.

"అక్కా! బయట వ్యాన్ నిలబడి ఉంది."

"నిలబడనియ్. ఇస్త్రీ పెట్టె అడుగున పెట్టావు కదే. ఆ గిన్నెలు పక్కన పెట్టు."

ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపు ఆవిడ కంప్యూటర్ కూడా ఆన్ చేసింది. చెల్లెలు తల పట్టుకుంది. "అదెందుకిప్పుడు? ఆయన ప్రింటర్ ఆయనకుందిగా!"

"ఆయన కోసం కాదు. పంపాల్సిన కటింగ్‌లున్నాయి నాకు" అంది పిన్ని. అని, ఆయన వైపు తిరిగి, "ఇలా పెట్టండి. వెచ్చబడడానికి కాస్త టైం పడుతుంది. కూర్చోండి" అంది.

వ్యాన్ ఖాళీగా వెళ్ళింది. చెల్లెలు దారి పొడుగునా సణుగుతూనే వెళ్ళి ఉంటుంది. కానీ ఆ తర్వాత ఓసారి అక్క తనంతట తనే మెషీన్ ఆపేసి, వాళ్ళింటికొచ్చి రెండ్రోజులుండి వెళ్ళాక ఇక వెనక గది మాట ఎత్తలేదు.

ఆయన రోజూ సాయంత్రం ఒక కాయితం పట్టుకుని దిగేవాడు. బల్ల మీద పెట్టి, పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. మెట్ల కింద స్టూలే అది, లోపలికి తెచ్చారు. మొదట్లో ఈవిడ గీతలు గీసుకునేది, ఆయన చూసేవాడు. తర్వాత తర్వాత నీళ్ళ మోటారు గురించి ఆవిడ అడిగేది. ఇన్నేళ్ళూ ఆయన పేజీలు చదివి చదివి ఆవిడకి మోటారు విప్పడం వచ్చేసింది, విప్పాక తిరిగి ఎలా బిగించాలన్న పేజీ మాత్రం ఎప్పుడూ అందలేదు. ఆయన నవ్వేవాడు. పైకి వెళ్ళాక కిటికీ తెరిచిన చప్పుడు, గిన్నె పెట్టిన చప్పుడు కిందికి వినబడేవి. ఇంతకుముందు అవి ఎప్పుడూ వినలేదని పిన్నికి బాగా తెలుసు.

ఒకరోజు ఆయన మామూలుగానే వచ్చి కాయితం అందించాడు. పిన్ని అందుకుంది. అది వెచ్చగా ఉంది. సబ్బు వాసన, ఉడికిన అన్నం వాసన, ఎండలో ఆరిన తువ్వాలు వాసన వేసింది. ఆవిడ తలెత్తి చూసింది. ఆయన గోడ వైపు చూస్తున్నాడు. పట్టుకుని మెట్లన్నీ దిగొచ్చిన మనిషి, ఆ సంగతి ఆయనకి తెలియకుండా ఉండదు.

పిన్ని కాయితాన్ని బల్ల మీద పరిచి, చీర ముక్క కప్పి, ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టింది.

"ఇంకా చల్లగానే ఉందండీ" అంది. "కూర్చోండి."