చేతులు కట్టుకోమన్నారు

పెళ్లికొడుకు మేనత్తకి మాటల్లో పొదుపు తెలియదు. పెళ్లి మాటలకని అతనితో కలిసి అమ్మాయివాళ్లింటికి వచ్చి కూర్చున్న దగ్గర్నుంచి చీరల ధరలు, తన మోకాళ్ల నొప్పులు, ఎదురింటివాళ్ల గొడవలు ఏకరువు పెడుతూనే ఉంది. పెళ్లికూతురు వాటన్నిటినీ సైగల్లోకి మార్చి అమ్మానాన్నలకి చెబుతోంది. వాళ్లిద్దరికీ పుట్టుకతోనే వినపడదు. నాన్న వడ్రంగి, అమ్మ బట్టలు కుడుతుంది. ఆ ఇంట్లో పోట్లాటలు, పరాచికాలు, అలకలు అన్నీ చేతులతోనే. అమ్మాయికి కూడా మాటలకంటే ముందు సైగలే వచ్చాయి.

చిన్నప్పటి నుంచీ మధ్యలో నిలబడటమే ఆమె పని. ఇంటి యజమాని "ఈ చెవిటి మాలోకంతో చచ్చే చావుగా ఉంది" అని విసుక్కుంటే, "బాగున్నారా అని అడుగుతున్నారు" అని నాన్నకి చెప్పేది. పాపం నాన్న ఆ పెద్దమనిషికి దణ్ణం పెట్టేవాడు. అది చూసి ఆమెకి కడుపు రగిలిపోయేది.

కాఫీలు తాగడం అయ్యాక మేనత్త గొంతు సవరించుకుంది.

"ఏమీ అనుకోకమ్మా. పెళ్లిలో మీ అమ్మానాన్నల్ని చేతులు కట్టుకుని ఓ మూల కూర్చోమను. పదిమందిలో అలా చేతులూపుతుంటే మా పరువేం కావాలి? ఆ ఒక్క పూటే."

అమ్మాయి పెళ్లికొడుకు వైపు చూసింది. ఇద్దరూ ఇష్టపడి చేసుకుంటున్న పెళ్లి. అతను ఒక్క మాట అడ్డు చెబితే చాలు. అతను ఖాళీ గ్లాసులోకి చూస్తున్నాడు.

ఏమంటోందని అమ్మ మోచేత్తో పొడిచింది.

అలవాటైన అబద్ధం వేళ్లదాకా వచ్చింది. అమ్మాయి దాన్ని అక్కడే ఆపేసింది. మేనత్త అన్నది అన్నట్టు, పరువు మాటతో సహా చెప్పేసింది. నాన్న ముఖం మాడిపోయింది. అమ్మ మాత్రం కొంగు నడుముకి బిగించి చేతులు లేపింది. ఆ చేతుల వెంటే అమ్మాయి గొంతు కూడా లేచింది.

"నా కూతురి పెళ్లిలో నేను మాట్లాడతాను. చుట్టాలతో మాట్లాడతాను, వంటవాళ్లతో పోట్లాడతాను, మా ఆయన్ని ఆటపట్టిస్తాను. చూడలేనివాళ్లు రావద్దు."

అప్పటికి పెళ్లికొడుకు నోరు విప్పాడు.

"పోనీ సర్దుకుందాం. ఒక్క పూటే కదా. మీవాళ్లకి నువ్వే ఎలాగోలా నచ్చజెప్పు."

ఇంతకాలం ఈ ఇంటికి వస్తూ పోతూ ఉన్నా అతను ఒక్క సైగ నేర్చుకోలేదు. అడిగితే, నువ్వున్నావుగా అని నవ్వేసేవాడు. ఆ నవ్వు చూసి మురిసిపోయినందుకు ఇప్పుడు అమ్మాయికి తన మీద తనకే ఒళ్లు మండింది.

ఇక నోరు తెరవలేదు. అతని ఎదురుగా నిలబడి చేతులతోనే జవాబు చెప్పింది. తాపీగా, ఏదీ దాచకుండా, చాలాసేపు చెప్పింది. అమ్మ కళ్లు తుడుచుకుంది. నాన్న ఫక్కున నవ్వాడు.

"ఏమంటోందిరా?" అంది మేనత్త.

"తెలీదత్తా" అన్నాడు పెళ్లికొడుకు.

ఇద్దరూ అమ్మాయి ముఖంలోకి చూశారు. ఆమె పెదవి కదపలేదు. నాన్న లేచి వెళ్లి వీధి తలుపు బార్లా తీసి పట్టుకున్నాడు. అది మాత్రం వాళ్లకి ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.