మొక్కుకున్న తల

మొగుని ముఖం నిండుగా చూసి అనిలకు ఏడాది దాటింది. ఫోన్‌లో కనబడుతాడు, కాదనడానికి లేదు. కనుబొమ్మల నుంచి గడ్డం దాకా కనబడుతాడు. ఆ పైన ఎప్పుడూ టోపీయే. అది లేని రోజు ఫోన్‌ను ఎటో ఒక పక్కకు వాల్చి పట్టుకుంటాడు. మస్కట్‌లోని ఆ గది పైకప్పు, దానికి తిరిగే ఫ్యాను ఆమెకు కంఠతా వచ్చేశాయి.

"టోపీ తియ్యి బావా, ఒక్కసారి సూస్త," అంటే, "ఏసీ సల్లగ కొడ్తుంది," అంటాడు శైలేందర్. నడి ఎండాకాలంలోనూ అదే మాట.

ఆమెకు తెలుసు. పెండ్లినాటికి దువ్వెన పండ్లు విరిగేంత జుట్టు ఉండేది అతనికి. ఇరవై ఏడు నిండకముందే నడినెత్తి తేలిపోయింది. కొత్త పెండ్లి రోజుల్లో ఆదివారం పూట వాకిట్లో కూర్చోబెట్టి తలకు నూనె పెట్టేది. పాపిటకు కొంచెం కుడిగా వేళ్లకు ఒక గీత తగిలేది. చిన్నప్పుడు బర్రె మీది నుంచి పడితే వేసిన కుట్ల గుర్తు అది. ఆ జుట్టు కింద దాన్ని కంటితో ఎన్నడూ చూడలేదు. వేళ్లకే తెలుసు. ఇప్పటికీ కొడుకు తల రుద్దుతుంటే వేళ్లు ఆ గీత కోసం వెతుక్కుంటాయి.

కొడుకు సిద్ధార్థ తల మాత్రం అడవి. పుట్టిననాటి నుంచి కత్తెర తగలలేదు. ఆ పుట్టువెంట్రుకలు వేములవాడ రాజన్నకు మొక్కినవి. పుట్టిన వారానికే పిల్లవాడు కామెర్లతో ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో పడుకుంటే, శైలేందర్ ఆ పెట్టె ముందు నిలబడి, "నా కొడుకు బతికి బయటపడితే వానితోటి నేను గూడ తలనీలాలిస్త, రాజన్నా," అన్నాడు. పిల్లవాడు బయటపడ్డాడు. తండ్రి మస్కట్ పోయాడు. ఇప్పుడు పిల్లవాడికి మూడో ఏడు నడుస్తున్నది. ఇది దాటితే సరి ఏడు పనికిరాదు, ఐదో ఏడు దాకా ఆగాలి. అంతవరకు రెండు జడలే. ఎల్లారెడ్డి బజారులో వాణ్ని పాప అనని వాళ్లు లేరు.

"దేవునికి ఇస్తనన్నది ఇయ్యకపాయె. గందుకే గాయినె ఒక్కొక్క ఎంటిక గుంజుకుంటుండు," అంటుంది అత్త భూమక్క, చాటలో బియ్యం చెరుగుతూ. నవ్వులాటకే అంటుంది. కానీ ఆ మాట ఒకసారి ఫోన్‌లో కూడా అనేసింది. అప్పటి నుంచి శైలేందర్ తల్లితో ముక్తసరిగానే మాట్లాడుతున్నాడు. సెలవు ఊసెత్తితే మాట మారుస్తున్నాడు.

ఒక శుక్రవారం, పని లేని పూట, తనే కదిలించాడు.

"కామారెడ్డిల నెత్తికి సుక్కలేస్తరట అనిలా. సన్న సూదితోటి రంగు ఎక్కిస్తరట. దూరంకెళ్లి సూస్తె గుండు మీద అప్పుడే మొలుస్తున్న ఎంటికల లెక్కనే కొడతదట. నువ్వొయ్యి అడుగు, నా అసొంటోళ్లకు పనికొస్తదా అని. వస్తదంటే లీవు పెడ్త. దిగంగనే మొదలు గాడికి, తర్వాతనే ఇంటికి."

"పనికిరాదంటే?"

ఫోన్ ఫ్యాను దిక్కుకు వాలింది. "రాదంటే ఇప్పుడెందుకు తియ్యి. ఎనకసిరి సూద్దాం."

తల ఫోటో ఒకటి పంపాడు. ఒక్కసారి తెరిస్తే మాయమైపోయే ఫోటో. "వాళ్లకు సూపెట్టు. నువ్వు సూడొద్దు. పిల్లగాని మీద ఒట్టు."

పిల్లవాడికి చెప్పులు కొనాలని అత్తకు చెప్పి, వాణ్ని చంకనేసుకుని బస్సెక్కింది అనిల. ఇంటర్ నడుమ ఆగిన చదువు ఆమెది. పెద్ద ఊళ్లో అద్దాల తలుపు తోసుకుని పోవాలంటేనే భయం. అడగాల్సినవన్నీ దారి పొడుగునా లోలోపల వల్లె వేసుకుంది.

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో, ఒక మేడ మీద ఉంది ఆ దుకాణం. అక్కడ పని చేసే అమ్మాయి పేరు స్నిగ్ధ. దాదాపు అనిల ఈడుదే.

"పాపకా అక్కా?"

"బాబు. వానికి కాదు, మా ఆయనకు."

ఫోన్ చేతికిచ్చి అనిల గోడ దిక్కు తిరిగింది.

"అదేంది అక్కా, నువ్వు సూడవా?"

"ఒట్టున్నది. నువ్వు సూడు."

స్నిగ్ధ నవ్వబోయి ఆగింది. ఫోటోను అటూ ఇటూ సాగదీసి చూసింది. "అన్నకు ఇంకా రాలుతనే ఉన్నట్టున్నది. చూడక్కా, ఇవి ఉత్త చుక్కలు. ఎంటికలు మొలవయి. ఎప్పుడు పొట్టిగ గీసుకునేటోళ్లకు మంచిగనే కొడ్తది. కానీ ఇయ్యాల నొసటి మీద జుట్టు అంచు లెక్క గీత పెట్టినమనుకో, రేపు అసలు జుట్టు ఎనకకు జరుగుతది, మేం పెట్టిన గీత గాడ్నే ఉంటది. రంగు గూడ కొన్నేండ్లకు ఎలిసిపోతది, మళ్ల వేయించుకోవాలె. వయసు చిన్నదని కాదు, రాలుడు నిలవాలె. ముందుగాల చర్మం డాక్టరుకు సూపెట్టుమను. ఇప్పుడైతే నేను వద్దనే చెప్త. ఇగ ఈ కుట్ల గీత మీద రంగు సరిగ పట్టదు గూడ."

"గీత కనబడుతుందా?" గోడను చూస్తూనే అడిగింది అనిల.

"కనబడకేం, సక్కగ చిన్న వేలంత ఉన్నది."

ముక్కూ మొహం తెలియని పిల్ల చూసింది. తాను చూడలేదు. అనిల చివరి ప్రశ్న అడిగింది. "వేసినంక గుండు చేయిస్తె పోతయా, ఆ చుక్కలు?"

"పోవక్కా. చర్మం లోపలుంటయి గద. నున్నగ గీసినా నల్లగనే కొడ్తది. గదే కదా దాని గొప్ప!"

అనిలకు కళ్ల ముందు వేములవాడ కల్యాణకట్ట కదిలింది. మంగలి నీళ్లు చల్లి గీకుతాడు, మళ్లీ చల్లుతాడు, మళ్లీ గీకుతాడు. పక్కన అత్త నిలబడి, "ఇంకున్నయి బిడ్డా, మొక్కు సగం చేయకు, మంచిగ తియ్యి," అంటుంది. నవ్వొచ్చింది. మెట్లు దిగేలోపే ఆ నవ్వు పోయింది. పనికిరాదంటే అతను రాడు.

తిరుగు బస్సులో పిల్లవాడు ఒళ్లో నిద్రపోయాడు. వాని జడ ఆమె మణికట్టు చుట్టూ పడింది. 'పనికొస్తదట, రా.' ఆ ఒక్క మాట చాలు. వచ్చినాక నిజం తెలిస్తే తెలియనీ. మనిషైతే ఎదురుగా ఉంటాడు, కోపం చేసినా ఎదురుగానే చేస్తాడు. లింగంపేట దాటేసరికి ఆ అబద్ధం నోటికి అలవాటైపోయింది.

పొద్దు గూకే వేళ ఫోన్ మోగింది.

"ఏమన్నరు?" అన్నాడు. ఆమె నోరు తెరిచేలోపే, "ఆగు. ఫోటో నువ్వు సూసినవా?"

"సూడలే. ఒట్టేపిస్తివి గద."

"నిజంగ?"

"గోడ దిక్కు తిరిగిన. ఆ పిల్ల నన్ను పిచ్చిదాని లెక్క సూసింది."

శైలేందర్ పకపకా నవ్వాడు. ఎన్ని నెలలయిందో ఆ నవ్వు విని. ఆ నవ్వు మీద అబద్ధం పెట్టడానికి ఆమెకు మనసు రాలేదు. స్నిగ్ధ చెప్పింది చెప్పినట్టే అంతా చెప్పేసింది.

"అంటే పనికిరాదు," అన్నాడు.

"ఇప్పుడు రాదు."

"సరే మరి. పెట్టేస్త."

"పెట్టకు బావా! మొదలు గాడికి, తర్వాత ఇంటికి అన్నవు గద. గట్లనే రా. కాకుంటే కామారెడ్డికి కాదు. ఏర్‌పోర్టు నుంచి సీద వేములాడకు రా. మేం ముందే వచ్చి ఉంటం. నీ టోపీ గాడ్నే తీద్దువు. కల్యాణకట్ట కాడ అందరియి గుండ్లే, ఎవరికి ఎన్ని ఎంటికలుండె అని ఎవరడుగుతరు? కొడుకు గుండు, నీ గుండు. ఊర్లెకు ఇద్దరు ఒక్కతీరే వస్తరు."

అతను మెల్లగా అన్నాడు. "మళ్ల మొలిచినప్పుడు?"

"మొలిచేటాల్లకు నీ లీవే అయిపోతది."

నవ్వుతూనే అంది. మాట చివరికి ఆ నవ్వు నిలవలేదు. అతనికీ అది వినబడినట్టుంది. ఫ్యాను, పైకప్పు కదిలిపోయాయి. కనుబొమ్మలు, నుదురు, టోపీ అంచు కనబడ్డాయి. చేయి పైకి పోయింది.

"బాపుకు ఎంటికల్లేవు!" అని ఒళ్లో కూర్చున్న పిల్లవాడు చప్పట్లు కొట్టాడు.

"నీ జడ నాకియ్యరా," అన్నాడు శైలేందర్. "రేపు లీవడుగుత."

అనిల ఆ మాట సరిగా వినలేదు. నడినెత్తికి కొంచెం కుడిగా, తెల్లగా, చిన్న వేలంత గీత. వేలు దానంతటదే తెర మీదికి పోయింది. గాజు చల్లగా, నున్నగా ఉంది. గీత తగలలేదు.

"బావా," అంది, "గుండు మీద గంధం మాత్రం ఎవ్వలతోని రాపిచ్చుకోకు. నేను రాస్త."