నాన్న నవ్విన నెలలు

వడ్రంగికి చివరిసారి మూర్ఛ వచ్చి నాలుగేళ్లు దాటింది. మిగతా మందులేవీ పనిచేయని రోజుల్లో ఒక్క ఆ మాత్రే దాన్ని కట్టడి చేసింది. కానీ దానితోపాటే కోపమూ పట్టుకుంది. కూరలో ఉప్పు తగ్గితే కంచం గోడకు తగిలేది. వీధిలోవాళ్లు చాటుగా అతన్ని 'సైరన్' అనేవారు. తండ్రి గొంతు వింటే చాలు, కూతురు వంటింట్లోకి జారుకునేది.

"మాత్రలు ఆపేయొచ్చా డాక్టరుగారూ?" అని భార్యే అడిగింది.

"చాలామందికి మళ్లీ రాదమ్మా. కొందరికి వస్తుంది. మీ ఆయన ఎందులో ఉంటారో నేను చెప్పలేను. ఆపాలంటే మెల్లగా తగ్గించాలి. అన్నాళ్లూ, ఆపేశాక కొన్ని నెలలూ, రంపం మిషన్ జోలికి వెళ్లకూడదు."

దారిలో అతను, "నువ్వేమంటావు?" అన్నాడు.

"పిల్ల మిమ్మల్ని చూసి దాక్కుంటోందండీ. నాకదొక్కటే తెలుసు."

మర్నాటినుంచే అతను డాక్టరు చెప్పినట్టు మాత్ర తగ్గించడం మొదలుపెట్టాడు.

మాత్ర తగ్గినకొద్దీ మనిషి తేటపడ్డాడు. మిషన్ పని బావమరిదికి వదిలి, తను చిత్రిక పట్టడం, పాలిష్ వేయడం చూసుకున్నాడు. ఒకరోజు తన అరుపులను తనే అనుకరిస్తే కూతురు పడీపడీ నవ్వింది.

"నాన్నా, సైరన్ రిపేరుకెళ్లిందా?"

భార్య గబుక్కున కూతుర్ని తన వెనక్కి లాక్కుంది.

"తుక్కు కింద అమ్మేశా తల్లీ," అన్నాడతను.

మాత్ర పూర్తిగా ఆపేసి, డాక్టరు చెప్పిన గడువు దాటాకే మళ్లీ మిషన్ దగ్గర నిలబడ్డాడు. ఒక మధ్యాహ్నం చెక్కను రంపానికి తోస్తూ తోస్తూ బిగుసుకుపోయాడు. బావమరిది పరుగున వచ్చి స్విచ్ కట్టేసేసరికి కుడిచేతి రెండు వేళ్లు పోయాయి.

డాక్టరు మళ్లీ ఆ మాత్రే రాశాడు. ఇంటికొచ్చాక, కుడిచేతికి కట్టు ఉండటంతో, మాత్ర వేయమని అతను భార్య ముందు నోరు తెరిచి కూర్చున్నాడు. వేయడానికి ఆమెకు చెయ్యి రాలేదు.

"మాత్ర లేకుండా ఇంకొన్నాళ్లు చూద్దామా?" అంది. అని, తన మాటకు తనే ఉలిక్కిపడింది.

"ఈసారి ఏం పోతుందో? అరిచినా బతికుంటాను కదే. పిల్లకి నువ్వే చెప్పు."

ఆమె మాత్ర వేసింది.

నెల తిరగకముందే అరుపులు మొదలయ్యాయి. ఒకరోజు బొత్తాలు పెట్టుకోవడం రాక చొక్కా చింపి ఆమె ముఖాన కొట్టాడు. ఆమె దాన్ని కుట్టి, బొత్తాలు తీసేసి, నొక్కితే అంటుకునే పట్టీలు వేసింది. అతను చూస్తూ కూర్చున్నాడు. తప్పయిందనలేదు. అంటాడని ఆమె ఎదురుచూడనూ లేదు.